బట్టమేక పిట్ట నుంచి తెల్ల ఖడ్గమృగం దాకా.. అంతరించిపోతున్న జంతువుల్ని ల్యాబ్ కాపాడగలదా?

2024 అక్టోబర్ 16. రాజస్థాన్‌లోని జైసల్మేర్ జిల్లాలో ఓ గుడ్డు పగిలి చిన్న పిల్ల బయటకొచ్చింది. చూడ్డానికి మామూలు పక్షి పిల్లే. కానీ దేశంలోని వైల్డ్‌లైఫ్ సైంటిస్టులంతా పండగ చేసుకున్నారు. ఎందుకంటే కృత్రిమ గర్భధారణ ద్వారా పుట్టిన మొట్టమొదటి గ్రేట్ ఇండియన్ బస్టర్డ్ అది. మన తెలుగులో బట్టమేక పిట్ట అంటాం. ఉమ్మడి కర్నూలు జిల్లాలోని రోళ్లపాడు అభయారణ్యం ఒకప్పుడు ఈ పిట్టకే ఫేమస్. ఇప్పుడు అక్కడ దాన్ని చూశామని చెప్పేవాళ్లే కరువయ్యారు. దేశం మొత్తం మీద అడవిలో మిగిలినవి దాదాపు 150 మాత్రమే.

ఇంత తక్కువ సంఖ్యకు పడిపోయిన జీవిని కాపాడాలంటే కంచె వేసి, గార్డుని పెడితే సరిపోదు. అందుకే ఇప్పుడు మైక్రోస్కోపులు, నైట్రోజన్ ట్యాంకులు, డీఎన్ఏ టెస్టులు రంగంలోకి దిగాయి. అసలు ఈ టెక్నాలజీ ఎలా పనిచేస్తుంది? ఎక్కడ సక్సెస్ అయింది? ఎక్కడ చేతులెత్తేసింది? ఇందులో మన హైదరాబాద్ పాత్ర ఏంటి? ఒక్కొక్కటిగా చూద్దాం.

ఆ పిల్ల ఎలా పుట్టింది?

బట్టమేక పిట్ట ఎగిరే పక్షుల్లో అత్యంత బరువైన వాటిలో ఒకటి. మగ పక్షి బరువు 15 కిలోల వరకు ఉంటుంది. ఆడ పక్షి మామూలుగా ఏడాదికి ఒక్క గుడ్డే పెడుతుంది. అది కూడా నేల మీదే. ఆ ఒక్క గుడ్డు కుక్క నోట్లోనో, నక్క నోట్లోనో పడిందంటే ఆ ఏడాది కథ అంతే.

అందుకే 2019 నుంచి వైల్డ్‌లైఫ్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇండియా సైంటిస్టులు, రాజస్థాన్ అటవీశాఖ కలిసి ఎడారిలో దొరికిన గుడ్లను జాగ్రత్తగా తెచ్చి ఇంక్యుబేటర్లలో పొదిగించడం మొదలుపెట్టారు. అలా పుట్టిన పిల్లల్ని జైసల్మేర్ జిల్లాలోని సమ్, రామ్‌దేవ్రా సెంటర్లలో పెంచుతున్నారు.

ఇక్కడే ఓ చిక్కొచ్చింది. గుడ్డులోంచి బయటకు రాగానే మనుషుల్ని చూసి, మనుషుల చేతుల్లో పెరిగిన పక్షులు మనుషులనే తమవాళ్లు అనుకుంటాయి. పెద్దయ్యాక తోటి పక్షితో జత కట్టడానికి ఆసక్తి చూపించవు. పైగా ఏ మగపక్షికి ఏ ఆడపక్షి జతైతే మంచిదో అవి రెండూ ఒకే సెంటర్లో ఉండాలని రూలేం లేదు కదా.

దీనికి దొరికిన దారే కృత్రిమ గర్భధారణ. రామ్‌దేవ్రా సెంటర్లో సుదా అనే మగపక్షికి డమ్మీ ఆడపక్షిని అలవాటు చేసి వీర్యం సేకరించారు. దాన్ని సుమారు 200 కిలోమీటర్ల దూరంలోని సమ్ సెంటర్‌కు తీసుకెళ్లారు. సెప్టెంబర్ 20న టోనీ అనే ఆడపక్షికి ఎక్కించారు. 24న టోనీ గుడ్డు పెట్టింది. అక్టోబర్ 16న పిల్ల బయటకొచ్చింది. వినడానికి సింపుల్‌గానే ఉంది. కానీ దీనికోసం మన సైంటిస్టులు అబుదాబిలోని హుబారా పక్షుల సంరక్షణ సంస్థ దగ్గర ట్రైనింగ్ తీసుకున్నారు. ఎడారి దేశాల్లో ఉండే హుబారా కూడా బస్టర్డ్ కుటుంబానికే చెందిన పక్షి. దాని మీద ఈ పద్ధతి ముందే సక్సెస్ అయింది.

ఆవులకు చేస్తున్నాం కదా.. వీటికి కష్టమేంటి?

ఈ డౌట్ చాలామందికి వస్తుంది. మన ఊళ్లో పశువుల ఆసుపత్రిలో ఆవులకు, గేదెలకు కృత్రిమ గర్భధారణ రోజూ జరిగేదే. మరి అడవి జంతువు దగ్గరికి వచ్చేసరికి ఏంటి తేడా?

మొదటిది, ఆవు ఎప్పుడు ఎదకు వచ్చిందో రైతుకు చూడగానే తెలుస్తుంది. అడవి జంతువు విషయంలో అది ఎవరికి తెలుస్తుంది? దగ్గరికి వెళ్తే పారిపోతుంది. మత్తు ఇచ్చి పట్టుకుంటే ఆ భయానికే ప్రాణం పోయే ప్రమాదం ఉంది. జింక జాతి జంతువుల్లో ఈ రిస్క్ మరీ ఎక్కువ. అందుకే సైంటిస్టులు దాన్ని ముట్టుకోకుండానే, అది వేసిన పేడ తీసుకెళ్లి అందులో హార్మోన్లు ఎంత ఉన్నాయో చూస్తారు. ఎదలో ఉందా, కడుపుతో ఉందా అన్నది దాన్నిబట్టి లెక్కేస్తారు.

రెండోది, ఒక జంతువుకు పనిచేసిన పద్ధతి ఇంకోదానికి పనిచేయదు. వీర్యాన్ని ఏ ద్రావణంలో కలపాలి, ఎంత వేగంగా గడ్డకట్టించాలి, ఎప్పుడు ఎక్కించాలి.. ప్రతి జాతికీ మళ్లీ మొదటి నుంచీ నేర్చుకోవాల్సిందే. ఆవు మీద దశాబ్దాల రీసెర్చ్ ఉంది. బట్టమేక పిట్ట మీద అలాంటి రీసెర్చ్ ఎక్కడుంది? నేర్చుకోడానికి బోలెడన్ని జంతువులు కూడా ఉండవు. ఒక్కటి చనిపోయినా పెద్ద నష్టమే.

అత్తాపూర్‌లో ఓ స్పెషల్ ల్యాబ్

ఇప్పుడు హైదరాబాద్‌కి వద్దాం. సీసీఎంబీ పేరు చాలామంది వినే ఉంటారు. దానికి అనుబంధంగా అత్తాపూర్‌లో లాకోన్స్ అనే ల్యాబ్ ఉంది. అంతరించిపోతున్న జంతువుల కోసమే పెట్టిన ల్యాబ్ ఇది. దేశంలో డీఎన్ఏ ఫింగర్ ప్రింటింగ్‌కు ఆద్యుడిగా పేరున్న సైంటిస్ట్ లాల్జీ సింగ్ ఆలోచన నుంచి పుట్టింది. 2007లో మాజీ రాష్ట్రపతి అబ్దుల్ కలాం రాష్ట్రపతిగా ఉన్నప్పుడే దీన్ని ప్రారంభించారు.

కృత్రిమ గర్భధారణ ద్వారా 2006లో ఇక్కడి సైంటిస్టులు చుక్కల జింక పిల్లను పుట్టించారు. దానికి స్పాటీ అని పేరు పెట్టారు. తర్వాతి ఏడాది కృష్ణ జింక పిల్ల పుట్టింది. దాని పేరు బ్లాకీ. ఇంకో ఇంట్రెస్టింగ్ విషయం ఏంటంటే.. ఇప్పుడు తెలంగాణ రాష్ట్ర జంతువు చుక్కల జింక, ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర జంతువు కృష్ణ జింక.

చుక్కల జింకలకు మన అడవుల్లో కొదవ లేదు కదా, వాటి మీద ప్రయోగం ఎందుకు అనిపించొచ్చు. కారణం ఉంది. చేయి తిరగాలంటే ముందు ఎక్కువగా ఉన్న జంతువు మీదే నేర్చుకోవాలి. రేపు అరుదైన జింక జాతికి అవసరమైతే అప్పుడు తడుముకోకూడదు.

లాకోన్స్, నెహ్రూ జూ కలిసి చేసిన ఇంకో పని మూషిక జింక. కుందేలంత ఉండే ఈ బుజ్జి జింక తెలుగు రాష్ట్రాల అడవుల్లో బాగా తగ్గిపోయింది. 2010లో జూ పార్కులో వీటి సంతతిని పెంచే ప్రోగ్రామ్ మొదలైంది. ఇక్కడ కృత్రిమ గర్భధారణ అవసరం పడలేదు. వాటి అలవాట్లు అర్థం చేసుకుని, సరైన చోటు కల్పిస్తే అవే సహజంగా పిల్లల్ని పెట్టాయి. 2017లో కొన్నింటిని నల్లమలలోని అమ్రాబాద్ టైగర్ రిజర్వ్‌లో వదిలారు. అంటే టెక్నాలజీ ఉంది కదా అని అన్నిచోట్లా వాడాల్సిన పనిలేదన్నమాట. అవసరమున్న చోటే వాడాలి.

సంఖ్య పెరిగితే చాలా? మేనరికం లాంటి చిక్కు

ఇక జెనెటిక్స్ సంగతి. ఒక జాతిలో 10 జంతువులే మిగిలాయనుకుందాం. వాటిని జూలో పెట్టి 1,000 చేశాం. కాపాడేసినట్టేనా? కాదు.

మేనరికాల గురించి మన ఇళ్లలో డాక్టర్లు చెప్పే మాట గుర్తుందా? దగ్గర రక్తసంబంధంలో తరతరాలుగా పెళ్లిళ్లు జరిగితే దాగి ఉన్న జన్యు లోపాలు పిల్లల్లో బయటపడే అవకాశం పెరుగుతుందని. ఆ 10 జంతువుల సంతానంలో జరిగేది అదే. కొన్ని తరాలకు అందరూ అన్నదమ్ముల పిల్లలే అవుతారు. పిల్లలు బలహీనంగా పుడతారు, సంతానం తగ్గుతుంది. అందరి జన్యువులూ ఒకేలా ఉంటే ఒక్క జబ్బు వచ్చినా గుంపు మొత్తాన్ని ఊడ్చేస్తుంది.

అందుకే ఏ మగదాన్ని ఏ ఆడదానితో కలపాలో డీఎన్ఏ చూసి డిసైడ్ చేస్తారు. ఒకరకంగా సైంటిస్టులే పెళ్లిళ్ల పేరయ్యలు. కాకపోతే వీళ్లు వెతికేది దగ్గరి సంబంధం కాదు, వీలైనంత దూరపు సంబంధం.

డీఎన్ఏతో ఇంకో ఉపయోగం కూడా ఉంది. వేటగాళ్ల దగ్గర మాంసం ముక్కో, చర్మమో దొరికితే అది మేకదా, జింకదా? కంటితో చూసి చెప్పలేం. వండేస్తే అసలే చెప్పలేం. చిన్న ముక్కలోని డీఎన్ఏతో అది ఏ జంతువుదో తేల్చే యూనివర్సల్ ప్రైమర్ టెక్నాలజీని హైదరాబాద్ సైంటిస్టులే డెవలప్ చేశారు. కోర్టులో కేసు నిలబడాలంటే ఇదే కీలకం.

చనిపోయి 30 ఏళ్లు దాటాక.. తల్లయిన విల్లా

జన్యు వైవిధ్యం ఒకసారి పోతే మళ్లీ తేలేమా? దీనికి అమెరికాలో ఓ ఆశ్చర్యకరమైన జవాబు దొరికింది.

బ్లాక్ ఫుటెడ్ ఫెర్రెట్.. చూడ్డానికి మన ముంగిసలా ఉంటుంది. ఇది అంతరించిపోయిందనే అనుకున్నారు. 1981లో వయోమింగ్ రాష్ట్రంలో ఓ పెంపుడు కుక్క చచ్చిన ఫెర్రెట్‌ను ఇంటికి పట్టుకొచ్చింది. అలా చివరి గుంపు బయటపడింది. తర్వాత జబ్బులు చుట్టుముట్టడంతో మిగిలిన 18 జంతువుల్ని పట్టుకుని సంరక్షణ కేంద్రానికి తరలించారు. వాటిలో 7 మాత్రమే వంశాన్ని నిలబెట్టాయి. ఇవాళ ఉన్న ఫెర్రెట్లు దాదాపు అన్నీ ఆ ఏడింటి వారసులే.

అయితే విల్లా అనే ఆడ ఫెర్రెట్ 1988లో చనిపోయినప్పుడు ఎవరో ముందుచూపుతో దాని కణాలు తీసి దాచారు. అవి శాన్ డియాగోలోని ఫ్రోజెన్ జూకి చేరాయి. అక్కడ జంతువులు ఉండవు, వాటి కణాలే గడ్డకట్టి ఉంటాయి. విల్లా ఆ ఏడింటిలో లేదు. దాని వారసులు ఎవరూ మిగల్లేదు. ఇప్పుడున్న ఫెర్రెట్ల కంటే దాని కణాల్లో మూడు రెట్లు ఎక్కువ జన్యు వైవిధ్యం ఉంది.

ఆ కణాలతో క్లోనింగ్ చేశారు. పద్ధతి ఇది.. మామూలు పెంపుడు ఫెర్రెట్ అండం తీసుకుని అందులోని కేంద్రకం తీసేస్తారు. దాని స్థానంలో విల్లా కణంలోని కేంద్రకాన్ని పెడతారు. పిండం తయారయ్యాక పెంపుడు ఫెర్రెట్ కడుపులోనే పెంచుతారు. అద్దె గర్భం అన్నమాట. అలా 2020 డిసెంబర్ 10న ఎలిజబెత్ ఆన్ పుట్టింది. కానీ గర్భసంచి సమస్య వల్ల అది తల్లి కాలేకపోయింది. సైంటిస్టులు ఆగలేదు. విల్లా కణాలతోనే 2023లో ఆంటోనియాను పుట్టించారు. 2024లో ఆంటోనియాకు మూడు పిల్లలు పుట్టాయి. ఒకటి చనిపోయినా రెండు బతికాయి. 1988లో ఆగిపోయిన వంశం మళ్లీ కదిలింది. అమెరికాలో అంతరించే ముప్పున్న జంతువుల్లో ఒక క్లోన్ పిల్లల్ని కనడం అదే మొదటిసారి.

మిగిలింది తల్లీ కూతురే

ఇప్పుడు కెన్యా వెళ్దాం. ఓల్ పెజెటా అభయారణ్యంలో నాజిన్, ఫాటు అనే రెండు ఖడ్గమృగాలు ఉన్నాయి. తల్లీ కూతుళ్లు. ప్రపంచంలో మిగిలిన ఉత్తర తెల్ల ఖడ్గమృగాలు ఇవే. చివరి మగది సుడాన్ 2018 మార్చి 19న చనిపోయింది. ఆడవి రెండే ఉన్నాయి, వాటిలో ఏదీ గర్భం మోయలేదు. మామూలుగా అయితే ఈ జాతి కథ ముగిసినట్టే.

కానీ చనిపోయిన మగవాటి వీర్యాన్ని ముందే గడ్డకట్టించి దాచారు. బయోరెస్క్యూ అనే అంతర్జాతీయ టీమ్ ఫాటు నుంచి అండాలు సేకరిస్తోంది. ఖడ్గమృగం అండాశయం శరీరం లోపల మీటరుకు పైగా లోతులో ఉంటుంది. మత్తు ఇచ్చి, అల్ట్రాసౌండ్‌లో చూస్తూ పొడవాటి సూదితో తీయాలి. ఆ అండాల్ని విమానంలో ఇటలీ ల్యాబ్‌కు పంపి పిండాలు తయారుచేస్తారు. ఇప్పటివరకు 30కి పైగా పిండాలు సిద్ధమయ్యాయి. వీటిని దక్షిణ తెల్ల ఖడ్గమృగాల కడుపులో పెంచాలన్నది ప్లాన్.

ముందు ట్రయల్‌గా 2023లో ఓ దక్షిణ తెల్ల ఖడ్గమృగం పిండాన్ని అదే జాతి తల్లికి ఎక్కించారు. గర్భం నిలిచింది. ఖడ్గమృగాల్లో ఐవీఎఫ్ పిండంతో గర్భం రావడం ప్రపంచంలోనే మొదటిసారి. అంతలోనే వరదల తర్వాత బ్యాక్టీరియా ఇన్ఫెక్షన్ సోకి ఆ తల్లి చనిపోయింది. కడుపులో 70 రోజుల పిండం, 6.4 సెంటీమీటర్లు ఉంది. పద్ధతి పనిచేస్తుందని రుజువైంది, కానీ ఆ విషయం తెలిసింది తల్లి శవం దగ్గర.

ఇక్కడ టైమ్‌తోనూ పోటీ ఉంది. ఖడ్గమృగం పిల్ల తన జాతి ఎలా బతుకుతుందో తన పెద్దవాళ్లను చూసే నేర్చుకోవాలి. నాజిన్, ఫాటు ఉండగానే పిల్ల పుట్టాలని టీమ్ తాపత్రయం. పిండాన్ని ఎన్నేళ్లయినా దాచొచ్చు. తల్లి నేర్పే బతుకుని ఏ ట్యాంకులో దాస్తాం?

చీతా విషయంలో మనకేం జరిగింది?

కణాలు దాచుకోకపోతే ఏమవుతుందో చెప్పడానికి మన దేశమే ఉదాహరణ. 1947లో ఇప్పటి ఛత్తీస్‌గఢ్‌లోని కొరియా సంస్థానంలో మూడు చీతాల్ని వేటాడి చంపారు. మన దేశంలో చివరి చీతాలు అవేనని చెబుతారు. 1952లో చీతా అంతరించిందని ప్రభుత్వం ప్రకటించింది. అప్పటికి కణాలు దాచే టెక్నాలజీ చేతికి రాలేదు.

2000ల మొదట్లో హైదరాబాద్ సైంటిస్టులు ఆసియా చీతాను క్లోనింగ్‌తో తిరిగి తేవాలనుకున్నారు. ఆ జాతి మిగిలింది ఇరాన్‌లోనే. ఓ జంటనివ్వండి, లేదా కనీసం కణాలైనా ఇవ్వండి అని అడిగారు. ఇరాన్ ఒప్పుకోలేదు. ల్యాబ్ ఉంది, సైంటిస్టులున్నారు, పనికావాల్సిన కణమే లేదు. చివరికి 2022 సెప్టెంబర్ 17న నమీబియా నుంచి 8 ఆఫ్రికా చీతాలు కునో నేషనల్ పార్కుకు వచ్చాయి. అవి చీతాలే, కానీ మన నేల మీద తిరిగిన ఆసియా చీతాలు కావు.

ఇలాంటి పరిస్థితి మళ్లీ రాకూడదనే లాకోన్స్‌లో జాతీయ వన్యప్రాణి జన్యు బ్యాంకు పెట్టారు. 2019లో ఇది ప్రారంభమయ్యే నాటికే 23 రకాల జంతువుల కణాలు, వీర్యం లాంటివి సేకరించారు. వాటిని మైనస్ 196 డిగ్రీల ద్రవ నైట్రోజన్‌లో దాస్తారు. అంత చలిలో కణంలో ఏ చర్యా జరగదు. కాలం ఆగిపోయినట్టే.

అయితే బ్యాంకు అన్నాక ఒకటే రూల్. వేసుకున్నదే తీసుకోగలం. ఒకే జంతువు కణాలుంటే ఒకే జంతువు నకళ్లు వస్తాయి. స్పెయిన్‌లో బుకార్డో అనే కొండ మేక విషయంలో ఇదే జరిగింది. చివరి ఆడ మేక సీలియా 2000లో చనిపోయింది. 2003లో దాని క్లోన్ పుట్టి, ఊపిరితిత్తుల లోపంతో కొన్ని నిమిషాలకే చనిపోయింది. ఒకవేళ బతికినా జత ఎక్కడిది? దాచింది ఒక్క సీలియా కణాలే, మగదాని కణాలు లేవు.

మరి ఆ వైరల్ డైర్ వుల్ఫ్ సంగతి?

2025 ఏప్రిల్‌లో తెల్లటి తోడేలు పిల్లల వీడియో మీ ఫోన్‌లోకీ వచ్చే ఉంటుంది. వేల ఏళ్ల కిందట అంతరించిన డైర్ వుల్ఫ్‌ను తిరిగి తెచ్చామని అమెరికా కంపెనీ కొలోసల్ ప్రకటించింది. నిజమేంటంటే.. అవి మామూలు గ్రే వుల్ఫ్ కణాల్లో 14 జన్యువుల్లో 20 మార్పులు చేసి పుట్టించినవి. పాత డైర్ వుల్ఫ్ కణం నుంచి వచ్చినవి కావు. టెక్నాలజీ గొప్పదే. కానీ డైర్ వుల్ఫ్ తిరిగొచ్చింది అనడం కరెక్ట్ కాదని చాలామంది సైంటిస్టులు అప్పుడే చెప్పారు.

ఇలాంటి వీడియోలతో వచ్చే ప్రమాదం ఒకటుంది. పోతే పోనీ, మళ్లీ పుట్టించుకోవచ్చులే అనే ధీమా. పైన చెప్పుకున్న కథలన్నీ చూస్తే ఆ ధీమాకు ఎంత తక్కువ ఆధారం ఉందో అర్థమవుతుంది.

పుట్టిన పిల్ల ఎక్కడ బతకాలి?

మళ్లీ బట్టమేక పిట్ట దగ్గరికే వద్దాం. ల్యాబ్‌లో 100 పిల్లల్ని పుట్టించామనుకుందాం. వాటిని ఎక్కడ వదలాలి? ఈ పక్షికి చెట్ల అడవి అక్కర్లేదు, గడ్డి భూములు కావాలి. మన రికార్డుల్లో గడ్డి నేలంటే ఖాళీ జాగా. సాగుకో, సోలార్ ప్లాంట్‌కో ముందు వెళ్లేది అదే. పైగా ఈ పక్షికి ఎదురుగా ఉన్నది సరిగా కనిపించదు. పెద్ద శరీరం, చటుక్కున పక్కకు తిరగలేదు. హైటెన్షన్ తీగలకు తగిలి చనిపోతోంది.

తీగల్ని భూమిలో వేయాలని 2021లో సుప్రీంకోర్టు చెప్పింది. అంత విస్తీర్ణంలో అది సాధ్యం కాదని, సోలార్ కరెంటు కూడా దేశానికి అవసరమేనని ప్రభుత్వం వాదించింది. 2024 మార్చిలో కోర్టు పాత ఆదేశాన్ని సవరించి, ఎక్కడ ఏం చేయాలో తేల్చమని నిపుణుల కమిటీ వేసింది. రెండువైపులా న్యాయమే ఉంది, అందుకే తేల్చడం కష్టం. కానీ ఆ పక్షికి అంత టైమ్ లేదు.

ల్యాబ్ చేయగలిగింది గడువు ఇవ్వడమే. ఒక జాతి రేపే పోకుండా, ఇంకో 20, 30 ఏళ్లు ఆపి ఉంచగలదు. ఆ గడువులో గడ్డి నేల మిగల్చాలా, తీగల దారి మార్చాలా, వేట ఆపాలా అన్నది ల్యాబ్ చేతిలో లేదు. మూషిక జింకల్ని వదలడానికి అమ్రాబాద్ ఉంది కాబట్టే ఆ పని జరిగింది. రేపు బట్టమేక పిట్టను రోళ్లపాడుకు తేవాలనుకుంటే అక్కడ గడ్డి నేల మిగిలి ఉండాలి. జైసల్మేర్‌లో పుట్టిన ఆ పిల్లకు సైన్స్ ప్రాణం పోసింది. దాని పిల్లలకు చోటు చూపించాల్సింది మాత్రం మనమే.